గేర్ల పెట్టి ఆపే బండికి రిమోట్ స్టార్ట్ ఎందుకు?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది నర్సంపేట దగ్గర ఊరు. రెండేండ్ల కింద సెకండ్ హ్యాండ్‌ల బొలెరో పికప్ తీసుకున్న. సీజన్‌ల మిర్చి బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కు కొడత. మిగిలిన రోజులు కూరగాయలు, సిమెంటు, ఏది దొరికితే అది. పోయిన నెల మార్కెట్ బయట లైన్‌ల బండి పెట్టి చాయ్ తాగొచ్చేలోపు స్టెప్నీ పోయింది. అంతకు ముందు ఒకసారి బ్యాటరీ పోయింది. మా బామ్మర్ది అమెరికాల ఉంటడు. ఆయన పికప్‌కు అలారం, రిమోట్ స్టార్ట్ కలిసిన కిట్ ఉన్నది. ఇంట్ల కూసొని బటన్ ఒత్తితే బయట బండి స్టార్ట్ అయితది, వీడియో కాల్‌ల చూపిచ్చిండు. "నీకూ ఒకటి పంపుత బావా" అంటున్నడు. చలికాలం పొద్దుగాల నా బండి తొందరగ స్టార్ట్ కాదు, అందుకు గూడ పనికొస్తదని ఆశ. అది తెప్పిచ్చుకోవాల్నా, ఇక్కడ దొరికేది పెట్టిచ్చుకోవాల్నా? ఏం చూసి కొనాలె?
- ఒక పాఠకుడు, వరంగల్ జిల్లా

జవాబు: తమ్మీ, అలారం పెట్టిచ్చుకో. రిమోట్ స్టార్ట్ మాత్రం వద్దు. రెండూ ఒకే డబ్బాల వస్తయి గాబట్టి రెండూ ఒకటే సామాను అనిపిస్తది. ఒకటి బండి కదలకుండ కావలి కాసేది. ఇంకోటి మనిషి లేకుండ బండిని లేపేది. నీకు కావాల్సింది మొదటిది.

ఎందుకు వద్దంటున్ననో చెప్పేముందు ఒక మాట అడుగుత. రాత్రి ఇంటికాడ బండి ఎట్ల ఆపుతవు? హ్యాండ్ బ్రేక్ గుంజి, ఫస్ట్ గేర్‌లనో రివర్స్‌లనో వేసి, వాలు ఉంటే వెనుక టైరు కింద రాయి పెట్టి దిగుతవు. అవునా? మన దిక్కు లోడ్ బండి నడిపేటోళ్లందరు అట్లనే చేస్తరు, అట్లనే చెయ్యాలె గూడ. టన్నున్నర లోడ్ మీద తిరిగే బండ్ల హ్యాండ్ బ్రేక్ కేబుల్ ఎప్పటికీ కొంచెం సాగే ఉంటది, ఒక్క దాన్ని నమ్మి ఎవడు పండుకుంటడు?

ఇప్పుడు గేర్‌ల ఉన్న బండికి మనిషి లేకుండ సెల్ఫ్ కొట్టిందనుకో. సీట్ల మనిషి లేడు, క్లచ్ తొక్కేటోడు లేడు. సెల్ఫ్ మోటర్ ఇంజన్‌ను తిప్పుతది, ఇంజన్ గేర్ బాక్స్‌ను తిప్పుతది, గేర్ బాక్స్ టైర్లను తిప్పుతది. ఫస్ట్ గేర్‌ల అయితే సెల్ఫ్ మోటర్ ఒక్కతే బండిని జరుపగలుగుతది. ఇంజన్ అందుకున్నదంటే ఇక అడ్డమొచ్చిందానికి గుద్దుకుని ఆగేదాక పోతది.

నేను వరంగల్‌ల ఆటో ఎలక్ట్రికల్ పని చేసిన రోజుల్ల ఒక పికప్ ముందటి లైటు పగిలి వచ్చింది. యాక్సిడెంటా అన్న. "కాదన్నా, ఇంటి ముందటనే" అన్నడు, సిగ్గుపడుకుంట. ఎక్కడనో రిమోట్ స్టార్ట్ పెట్టిచ్చుకున్నడు. మేడ మీద నిలబడి కొత్త ముచ్చటగ బటన్ ఒత్తిండు. బండి ఫస్ట్ గేర్‌ల ఉన్నది. ముందటి గేటు విరిగింది, గేటు అవతల పక్కింటాయన స్కూటర్ పడ్డది. దానికి పది నిమిషాల ముందు ఆ గేటు కాడనే పిల్లలు స్కూల్ ఆటో కోసం నిలబడ్డరట. లైటు మార్చినంక, అడగకముందే ఆయనే ఆ డబ్బా తీసెయ్యమన్నడు. తీసి చూస్తే కిట్ మీద పెద్ద అక్షరాలతోని రాసే ఉన్నది, ఆటోమేటిక్ గేరు బండ్లకు మాత్రమే అని. పెట్టినోడు చదువలేదు, ఈయనకు చెప్పలేదు.

మీ బామ్మర్ది బండి ఆటోమేటిక్ అయి ఉంటది, ఒకసారి అడుగు. అమెరికాల పికప్‌లు ఎక్కువ అవే. ఆటోమేటిక్ బండి పార్క్‌లనో న్యూట్రల్‌లనో ఉంటే తప్ప సెల్ఫ్ అందుకోదు. కంపెనీ వాళ్లే ఆ స్విచ్ పెట్టి పంపుతరు. మన మాన్యువల్ బండ్లకు ఆ రక్షణ ఉండదు. కొన్నింటికి క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ తిరిగే స్విచ్ ఉంటది. రిమోట్ స్టార్ట్ పెట్టినోడు మొట్టమొదలు చేసే పని ఆ స్విచ్‌ను వైరుతోని కలిపేసుడు. అంటే ఉన్న ఒక్క కావలినీ తీసేస్తడు.

మాన్యువల్ గేరుకు పనికొచ్చే కిట్లు లేవా అంటే, ఉన్నయి. అవి ఎట్ల పనిచేస్తయంటే, బండి ఇంజన్ నడుస్తుండంగనే న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేక్ వేసి, తాళంచెవి తీసి దిగాలె. డోర్ మూసినంక ఇంజన్ అదంతటదే బంద్ అయితది. ఇంజన్ నడిచింది, డోర్ మూసిండ్రు, అంటే గేర్ పడిలేదని దానికి లెక్క. తర్వాత డోర్ ఎవరన్న తెరిస్తే ఆ లెక్క రద్దు, రిమోట్ స్టార్ట్ పనిచెయ్యదు. ఆలోచన మంచిదే. కాని మన పికప్‌లల్ల డోర్ స్విచ్ దుమ్ముకు, వానకు తుప్పు పట్టి సగం రోజులు పనిచెయ్యదు. ఎండకాలం అద్దాలు దించే ఉంటయి. కిటికీల నుంచి చెయ్యి పెట్టి ఎవడన్న గేర్ వేసిండనుకో, ఆ డబ్బాకు ఎట్ల తెలుస్తది? పైగ రోజూ న్యూట్రల్‌ల, ఒక్క హ్యాండ్ బ్రేక్ మీద బండి వదలాలె. నీకున్న మంచి అలవాటు మాని చెడ్డ అలవాటు నేర్చుకొమ్మని అది అడుగుతది.

చలి సంగతికి వద్దాం. రిమోట్ స్టార్ట్ పుట్టింది కెనడా, అమెరికా చలి కోసం. సున్నాకు ఇరవై, ముప్పై డిగ్రీల కింద పడేకాడ మంచు కరగడానికి, ఇంజన్ వేడెక్కడానికి ఇంట్ల నుంచే బండి లేపుతరు. మనకు డిసెంబర్, జనవరిల తెల్లారుజామున మస్తు చలి అంటే పది, పన్నెండు డిగ్రీలు. ఆ చలికి డీజిల్ బండి మొండికేస్తున్నదంటే తప్పు చలిది గాదు, నీ బండిది. తాళం ఆన్ చేసినప్పుడు డ్యాష్ మీద స్ప్రింగ్ లాంటి పసుపు లైటు వెలిగి ఆరుతదా? అది హీటర్ గుర్తు. అది ఆరినంకనే సెల్ఫ్ కొడుతున్నవా? కొడుతున్నా మొండికేస్తే హీటర్ ప్లగ్గులు ఒక్కొక్కటి చెక్ చేపియ్యి, నాలుగింట్ల రెండు పోయినా పొద్దుగాల గిట్లనే సతాయిస్తది. బ్యాటరీ రాత్రంతా ఆగినంక 12.6 వోల్టుల దగ్గర ఉండాలె, 12.2 అంటే సగం ఖాళీ. సెల్ఫ్ తిరిగేటప్పుడు తొమ్మిదిన్నర కిందికి పడిపోతున్నదంటే బ్యాటరీ మార్చుడే. ఇంకా ముందు, ఇంజన్ నుంచి ఛాసిస్‌కు పోయే ఎర్త్ వైరు ఇప్పి, తుప్పు గీకి బిగిచ్చి చూడు. పైసా ఖర్చులేని ఆ పనితోనే సగం బండ్లు దారికొస్తయి. దీన్ని రిమోట్‌తోని లేపితే ఏమైతదో తెలుసా? అసలు రోగం అట్లనే ఉంటది, నువ్వు ఇంట్ల ఉండంగ అది బయట గిర్రున సెల్ఫ్ తిప్పి తిప్పి బ్యాటరీ తాగేస్తది.

ఇంజన్ ఉత్తగ నడిస్తే డీజిల్ గూడ ఉత్తగనే పోతది. ఇంత సైజు డీజిల్ ఇంజన్ నిలబడి నడిస్తే గంటకు అర లీటరు నుంచి లీటరు దాక తాగుతది. దినాం పది నిమిషాలు లెక్కేసుకో, నెలకు మూడు, నాలుగు లీటర్లు. టర్బో ఇంజన్‌కు పొద్దుగాల లేపినంక అర నిమిషం, నిమిషం చాలు, తర్వాత మెల్లగ నడుపుకుంట పోతే అదే వేడెక్కుతది.

ఇంకో రెండు ముచ్చట్లు. షెడ్డుల షట్టర్ వేసి బండి పెట్టే అలవాటుంటే, జేబుల రిమోట్ ఒత్తుకపోయి లోపల ఇంజన్ లేచిందనుకో, ఆ పొగల కార్బన్ మోనాక్సైడ్ ఉంటది. దానికి వాసన రాదు. క్లీనర్ పిల్లగాడు ఆ షెడ్డులనే పండుకుంటే తెల్లారేసరికి లేవడు. రెండోది చట్టం. 1988 మోటారు వాహనాల చట్టంల 126వ సెక్షన్ ప్రకారం పబ్లిక్ జాగల నిలబెట్టిన బండి డ్రైవర్ సీట్ల లైసెన్స్ ఉన్న మనిషన్నా ఉండాలె, లేదంటే ఇంజన్ బంద్ చేసి, బ్రేకులు వేసి, అనుకోకుండ కదలకుండ చూసి దిగాలె. రోడ్డు మీద మనిషి లేని బండిని రిమోట్‌తోని లేపుడు ఆ లెక్కన సక్కని పని గాదు.

అమెరికా కిట్‌కు ఇంకో చిక్కు ఉన్నది. వోల్టు ఒకటే, పన్నెండు. కాని అక్కడి దూరం రిమోట్‌లు చాలామట్టుకు 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్ల నడుస్తయి, అక్కడ 902 నుంచి 928 దాక ఎవరైనా వాడుకోవచ్చు. మన దేశంల 900 బ్యాండు సెల్‌ఫోన్ కంపెనీలది. మన దగ్గర ఇట్లాంటి రిమోట్‌లకు వదిలింది 433 మెగాహెర్ట్జ్ దగ్గర. అక్కడి కిట్‌లతోని వచ్చే బండి వైరింగ్ మ్యాపుల్ల మన బొలెరో ఉండది. రేపు రిమోట్ పోతే, డబ్బా చెడితే ఎవరు చూస్తరు? బామ్మర్ది ప్రేమకు దండం పెట్టు, కిట్ మాత్రం వద్దను.

ఇగ అలారం. నీకు పోయినయి ఏంది? స్టెప్నీ, బ్యాటరీ. అలారం ఈ రెండింటినీ ఆపుతదా? నిజం చెప్తే, ఆపది. మామూలు అలారం కనిపెట్టేది డోర్లు, బానెట్, తాళం, గట్టిగ తగిలే దెబ్బ. బండి కింద పండి స్టెప్నీ బోల్టు ఇప్పేటోడు దానికి కనపడడు. వెనుక డాలాల, అంటే సామాను పెట్టే తొట్టిల, బస్తా లాగేటోడు గూడ కనపడడు. మీ దిక్కు చపాట మిర్చి బస్తా అయితే ఆ ఒక్క బస్తా ధరతోని రెండు అలారాలొస్తయి. మనం పెట్టే ఖర్చు క్యాబిన్ మీద, దొంగ చూపు డాలా మీద.

అందుకే మొదటి వెయ్యి, రెండు వేలు వెల్డింగ్ షాపుల పెట్టు. ఛాసిస్ పక్కన బయటికే బ్యాటరీ ఉంటే దానికి యాంగిల్‌తోని బోను కొట్టిచ్చి తాళం వెయ్యి. బానెట్ కింద ఉంటే క్లాంప్ బోల్టుకు మామూలు నట్టు గాక తాళంచెవి నట్టు పెట్టిచ్చు. స్టెప్నీకి లావు చైన్, తాళం, ఆ తాళం కటింగ్ ప్లయర్‌కు తెగని రకం. డీజిల్ ట్యాంకుకు తాళం మూత. డాలా డోర్లకు రెండు పక్కల గొళ్లెం తాళాలు. బండి మీద వెల్డింగ్ కొట్టిచ్చేటప్పుడు మాత్రం బ్యాటరీ వైర్లు ఇప్పించు, లేకుంటే ఇంజన్ కంప్యూటర్ కాలిపోవచ్చు. ఇది చెప్పకపోతే వెల్డర్ ఇప్పడు.

బండే పోకుండ ఏం చెయ్యాలె? ఇది అసలు సంగతి, జర నిదానంగ విను. నీ తాళంచెవి తలల చిప్ ఉన్నదా చూడు. చిప్ ఉన్న బండ్లల్ల డూప్లికేట్ తాళంతోని సెల్ఫ్ తిరిగినా ఇంజన్ అందుకోదు, ఇమ్మొబిలైజర్ అంటరు. అది ఉంటే సగం గెలిచినట్టే. రిమోట్ స్టార్ట్ పెట్టేటోళ్లు దాన్ని మోసం చెయ్యడానికి నీ రెండో తాళంచెవిని డ్యాష్‌బోర్డ్ లోపల కట్టేసి పెడుతరు. అంటే దొంగకు కావాల్సిన తాళం బండ్లనే దాచిపెట్టినట్టు. రిమోట్ స్టార్ట్ వద్దనడానికి ఇదొక్కటే చాలు నన్నడిగితే.

చిప్ లేకపోతే చోర్ స్విచ్ పెట్టిచ్చు. సెల్ఫ్ రిలేకు పోయే సన్న వైరు మధ్యల చిన్న స్విచ్ పెట్టి, చెయ్యికి అందే, కంటికి ఆనని జాగల దాస్తరు. సెల్ఫ్‌కు పోయే లావు వైరును మాత్రం కోయనియ్యకు, ఆ కరెంటుకు చిన్న స్విచ్ మండిపోతది. దీని మంచితనం ఏందంటే, స్విచ్ ఎప్పుడన్న చెడినా నడిచే బండి ఆగది, ఆగిన బండి లేవదు, అంతే. ఇంజన్ కంప్యూటర్ కరెంటునో డీజిల్‌నో కట్ చేసే రకం పెడుతమని కొందరంటరు. అది చెడితే నడి రోడ్డు మీద ఇంజన్ ఆగుతది, స్టీరింగ్ బరువైతది, బ్రేకు బూస్టర్ల మిగిలిన వాక్యూమ్ రెండు తొక్కుళ్లకు ఖతం, తర్వాత బ్రేకు గట్టిపడుతది. లోడ్‌తోని హసన్‌పర్తి దిక్కు రోడ్డు మీద అట్లయితే సంగతేంది?

చోర్ స్విచ్‌కు ఒక లొసుగు ఉన్నది. తోసి సెకండ్ గేర్‌ల వేస్తే సెల్ఫ్ లేకున్నా డీజిల్ బండి లేస్తది. ముగ్గురు కలిస్తే ఖాళీ పికప్‌ను తోసుడు ఎంతసేపు? అందుకే దానికి తోడుగ గేర్ లాక్ కావాలె, రివర్స్‌ల పడి ఉండంగ లాక్ అయ్యే రకం. రాడ్ రివర్స్‌ల బిగిసి ఉంటే తోసి సెకండ్ గేర్‌ల వేసి లేపలేరు, ముందుకు నడుపుకుంట పోలేరు. చూసినవా, నీ పాత అలవాటే, గేర్‌ల పెట్టి ఆపుడు, ఇప్పుడు తాళంతోని వచ్చింది. చోర్ స్విచ్, గేర్ లాక్ రెండూ కలిపినా మంచి అలారం కన్నా ఎక్కువ ఖర్చు గాదు.

వీటి మీద అలారం పెట్టు, అప్పుడు దానికి అర్థముంటది. షాపుల నాలుగు అడుగు. రిమోట్ రోలింగ్ కోడ్‌దేనా? ఒత్తిన ప్రతిసారీ కోడ్ మారే రకం. పాత రకం ఒకటే కోడ్ పంపుతది, దాన్ని గాలిలోనే పట్టుకొని మళ్ల పంపే పరికరాలున్నయి. బానెట్‌కు స్విచ్ ఇస్తరా? అది లేకుంటే బానెట్ ఎత్తి బ్యాటరీ వైరు పీకితే అలారం నోరు మూసుకుంటది. సైరన్ లోపల దాని సొంత బ్యాటరీ ఉన్నదా? ఉంటే వైరు పీకినా మొత్తుకుంటది. షాక్ సెన్సార్ తగ్గిచ్చుకునే స్క్రూ ఉన్నదా? మనకు ఇది చానా అవసరం. దసరాకు పటాకులు, పెండ్లి బారాత్ బ్యాండు, మేడారం జాతరల పక్క బండి డోర్ గట్టిగ వేసినా మొత్తుకునే అలారాన్ని నాలుగు రోజులకు నువ్వే వైరు పీకి పడేస్తవు. సైరన్ అర నిమిషంల ఆగిపోవాలె, రాత్రి పది దాటినంక పక్కింటోళ్ల నిద్ర పాడుచేసే హక్కు ఎవరికీ లేదు. నీ బండికి సెంట్రల్ లాక్ లేకుంటే డోర్‌కొక మోటర్ చొప్పున రెండు కావాలె. కిట్ల నాలుగుంటయి, మిగిలిన రెండు అడిగి తెచ్చుకో, ఎప్పుడన్న పనికొస్తయి.

రిమోట్‌ల చిన్న స్క్రీన్ ఉండి అలారం మోగితే నీ చేతిల చప్పుడు చేసే రకం ఉంటది. మార్కెట్ బయట లైన్‌ల పెట్టి చాయ్‌కి పోయే నీకు అది పనికొస్తది, వెయ్యి ఎక్కువైనా తీసుకో. జీపీఎస్ గూడ మంచిదే, కాని అది పోయిన బండిని వెతికేది, పోకుండ ఆపేది గాదు. తీసుకుంటే లోపల సొంత బ్యాటరీ ఉన్నది తీసుకో. ఫోన్ నుంచి ఇంజన్ ఆపే రిలే మాత్రం పెట్టనియ్యకు, ఎందుకో పైన చెప్పిన.

బ్యాటరీ లెక్క ఒకటి. అలారం నిద్రపోయినా 20, 30 మిల్లీ యాంపియర్లు తాగుతది. ముప్పై అనుకుంటే రోజుకు ముప్పావు యాంపియర్ అవర్, నెల రోజులు బండి కదలకపోతే ఇరవై రెండు. అరవై అయిదు బ్యాటరీల మూడో వంతు పోయినట్టు. వానకాలం పని లేక బండి పక్కకు పెట్టే రోజుల్ల పదిహేను రోజులకొకసారి నడుపు, లేకుంటే బ్యాటరీ వైరు ఇప్పి పెట్టు.

బీమా కాగితం ఒకసారి తీసి చూడు. సెకండ్ హ్యాండ్ పికప్‌లకు చానామంది థర్డ్ పార్టీ ఒక్కటే కడుతరు. దాంట్ల దొంగతనానికి పైసా రాదు. ఓన్ డ్యామేజ్ ఉన్న పాలసీ అయితేనే బండి పోతే వస్తది, అప్పుడు గూడ రెండు తాళంచెవులు అడుగుతరు. రెండోది డ్యాష్‌బోర్డ్‌ల కట్టేసి ఉంటే ఏమని చూపిస్తవు? బండ్లను పరీక్షించే పుణె సంస్థ ఏఆర్ఏఐ ఆమోదించిన దొంగతనం నిరోధక పరికరం పెట్టిస్తే ఓన్ డ్యామేజ్ ప్రీమియంల రెండున్నర శాతం, ఎక్కువల ఎక్కువ 500 రూపాయలు తగ్గింపు పాత మోటారు బీమా టారిఫ్‌ల ఉండేది, ఇప్పుడు ఇస్తరా అని నీ బీమా కంపెనీని అడుగు. పెద్ద మొత్తం గాదు. కాని ఆ ఆమోదం గుర్తు ఉన్న సామాను కొంటే క్వాలిటీ భరోసా, అడిగి తీసుకో.

పెట్టేటోడు ముఖ్యం, సామాను గాదు. వైర్లు మెలితిప్పి టేప్ చుట్టే షాపుల పెట్టిచ్చకు. సోల్డర్ కొట్టి స్లీవ్ వేస్తడా, బ్యాటరీ దగ్గరనే ఫ్యూజ్ పెడుతడా, అలారం డబ్బా స్టీరింగ్ కింద చెయ్యి పెడితే దొరికేకాడ గాక లోపలికి దాస్తడా, ఈ మూడు చూడు. పొద్దుగాల బండి ఇచ్చి సాయంత్రం తీసుకునుడు గాదు, పక్కనే కూసో. అయినంక షాపు ముందటనే లాక్ చేసి, ఒక డోర్ తాళంతోని తెరువు, మొత్తుకోవాలె. బానెట్ ఎత్తు, మొత్తుకోవాలె. మొత్తుకుంటుండంగ బ్యాటరీ వైరు పీకు, సైరన్ ఆగొద్దు. చోర్ స్విచ్ వేసి సెల్ఫ్ కొట్టు, తిరుగొద్దు. పది నిమిషాలు టైరు మీద తన్ను, బానెట్ మీద తట్టు, ఎంత దెబ్బకు మోగుతున్నదో నువ్వే స్క్రూ తిప్పిచ్చుకో. ఇవన్ని అయినంకనే పైసలియ్యి.